ఖడ్గం ధరించినవాడు ఎవరికి జవాబుదారి?



రక్షకభటుని చేతిలో తుపాకి పెట్టింది మనమే. రాజుల కాలంలో అది రాజుగారి ఆయుధం. ప్రజాస్వామ్యంలో రాజు లేడు కనుక అది మన పేరు మీదనే పేలుతుంది. పేలిన తరువాత "ఎందుకు పేలింది?" అని అడగడం పోలీసులకు ద్రోహం చేయడమా, లేక పౌరుని ధర్మమా? అలా అడిగితే నేరస్థుల పక్షం వహించినట్లు అవుతుందా? ఈ ప్రశ్నను మన కుటుంబాలలో కూర్చుని నిదానంగా ఆలోచించినట్లు నాకు కనబడదు. ఉద్రేకం వచ్చిన రోజున మాత్రం అందరం తీర్పరులమే.

మన కళ్ళ ముందు జరిగిన సంగతినే తీసుకుందాం. 1998 నవంబరులో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ రాళ్ళగుట్టల ప్రాంతం హైటెక్ సిటీ అయింది. ఆ పేరు మీదనే సైబరాబాద్ పోలీసు కమిషనరేటు కూడా ఏర్పడింది. మన విచారణలలోని ఎన్నో కుటుంబాల పిల్లలు గచ్చిబౌలి, కొండాపూరు, నానక్‌రాంగూడ కంపెనీలలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. రాత్రి షిఫ్టు ముగించుకొని కూతురు ఇల్లు చేరేదాకా జపమాల చేతపట్టుకొని కూర్చునే తల్లులు మనలో ఉన్నారు.

2019 నవంబరు 27 రాత్రి ఆ తల్లులందరి భయమూ నిజమైంది. శంషాబాదు దగ్గర తొండుపల్లి టోల్‌గేటు సమీపంలో స్కూటరు నిలిపి వెళ్ళిన ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం జరిగింది. ఆమెను చంపి, షాద్‌నగర్ సమీపాన చటాన్‌పల్లి వంతెన కింద తగులబెట్టారు. పోలీసులు ఆమెకు 'దిశ' అని పేరు పెట్టారు. రెండు రోజులకు లారీల మీద పనిచేసే నలుగురిని అరెస్టు చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున, దాచిన వస్తువులు చూపించడానికని అదే వంతెన దగ్గరికి తీసుకువెళ్ళిన ఆ నలుగురూ పోలీసు కాల్పులలో మరణించారు. వాళ్ళు తమ పిస్తోళ్ళు లాక్కొని కాల్చబోయారనీ, ఆత్మరక్షణ కోసం తాము కాల్చవలసి వచ్చిందనీ పోలీసులు చెప్పారు.

ఆ ఉదయం జనం పోలీసుల మీద పూలరేకులు చల్లారు. మిఠాయిలు పంచుకున్నారు. కొందరు స్త్రీలు రాఖీలు కట్టారు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులు ఇదే విధంగా మరణించినప్పుడు కూడా పూలదండలే పడ్డాయి. మన కతోలిక ఇళ్ళలో మాత్రం వేరే మాట వినిపించిందని నేను అనుకోను.

ఒక విషయం గుర్తు చేయాలి. ఆ వారమంతా మొదట జనం అడిగిన ప్రశ్న పోలీసుల గురించే. తప్పిపోయిన బిడ్డ కోసం ఆ రాత్రి స్టేషనుకు వెళ్ళిన కుటుంబాన్ని "ఇది మా పరిధి కాదు, ఆ స్టేషనుకు వెళ్ళండి" అని తిప్పారన్న ఆరోపణ వచ్చింది. ఫిర్యాదు నమోదులో జాప్యం చేశారని నవంబరు 30న ముగ్గురు పోలీసులను సస్పెండు కూడా చేశారు. వెంటనే వెతికి ఉంటే ఆమె బ్రతికేదా? ఇది అడగవలసిన ప్రశ్న. ప్రతి ఆడపిల్ల తల్లిదండ్రులకూ జవాబు కావలసిన ప్రశ్న. డిసెంబరు 6 తరువాత దానిని అడిగినవారు ఎంతమంది? నాలుగు శవాలు పడిన తరువాత ఆ స్టేషను బల్ల దగ్గర జరిగిన సంగతి ఎవరికీ పట్టలేదు. మనం చల్లిన పూల కింద ముందుగా కప్పబడిపోయింది అదే.

ఇప్పుడు చట్టం సంగతి. మనలో చాలామంది అనుకొనేటట్లు పోలీసుకు చట్టంలో రక్షణ లేకపోలేదు, ఉన్నది, ఉండవలసిందే. విధి నిర్వహణలో చేసిన పనికి ప్రభుత్వ అనుమతి లేనిదే కొన్ని స్థాయిల అధికారులపై కేసును కోర్టు స్వీకరించరాదని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 197వ సెక్షను చెప్పేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 218వ సెక్షను అయింది. అనుమతి అడిగిన తరువాత 120 రోజులలో ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్లే భావించాలని కూడా అందులో చేర్చారు. అంటే ఏళ్ళ తరబడి ఫైలు మీద కూర్చోవడం కుదరదని చట్టమే ఒప్పుకున్నది.

ఈ రక్షణ అన్యాయమని నేను అనను. పోలీసు ఉద్యోగం చేసేవారి కుటుంబాలు మన విచారణలలో ఉన్నాయి. పండుగ పూట మనం దివ్యబలిపూజలో ఉంటే ఆ తండ్రి బందోబస్తులో ఉంటాడు. అరెస్టు చేసిన ప్రతి దొంగా తిరిగి అతనిపై కేసు పెట్టగలిగితే అతడు ఏ పనీ చేయలేడు. కత్తి దూసినవాని ఎదుట అర క్షణంలో నిర్ణయం తీసుకోవలసిన మనిషిని, తీరికగా కుర్చీలో కూర్చున్న మనం కఠినంగా తూచకూడదు. లూకా సువార్తలో సైనికులు స్నాపక యోహానుగారి దగ్గరికి వచ్చి మేమేమి చేయాలని అడిగినప్పుడు ఆయన వారిని ఉద్యోగం మానుకోమనలేదు. ఎవరినీ బెదిరించి డబ్బు గుంజవద్దు, అబద్ధపు నేరాలు మోపవద్దు, మీ జీతంతో తృప్తి పడండి అన్నాడు. ఆ మూడు మాటలు నేటికీ ప్రతి స్టేషను గోడమీద రాయదగినవే.

కానీ రక్షణ వేరు, మినహాయింపు వేరు. సద్భావంతో విధి చేసినవానిని వేధింపు నుండి కాపాడేది రక్షణ. నీవేమి చేసినా నిన్ను ఎవరూ అడగరు అనేది మినహాయింపు. మొదటిది చట్టం ఇచ్చింది. రెండవది ఏ చట్టంలోనూ లేదు. మరి అది ఎక్కడినుండి వచ్చింది?

మన రాష్ట్రానికి ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉన్నది. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషనులో ఒక స్త్రీపై అత్యాచారం, ఆమె భర్త మరణం జరిగిన ఉదంతంలో ఊరు అట్టుడికిపోయింది. జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది, అక్కడ నిందితులు విడుదలయ్యారు. 1997లో జాతీయ మానవ హక్కుల కమిషను ఎన్‌కౌంటరు మరణాలపై అన్ని రాష్ట్రాలకూ నియమాలు పంపడానికి కారణమైనవి మన ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఫిర్యాదులే. 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక మాట తేల్చి చెప్పింది: పోలీసు కాల్పులలో మనిషి చనిపోతే కేసు నమోదు కావాలి, ఆత్మరక్షణ అనేది కోర్టులో నిరూపించవలసిన విషయం. సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును ఆపింది. 2014లో తానే పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. అవన్నీ ఉండగానే చటాన్‌పల్లి జరిగింది.

కనుక కాగితం మీద నియమాలకు కొదవ లేదు. ఆ మినహాయింపు ఇస్తున్నది ప్రభుత్వం కన్న ముందుగా మనమే అని నా అభిప్రాయం. అధికారి చట్టాన్ని చూసి భయపడకపోవడానికి కారణం చట్టంలోని లొసుగు మాత్రమే కాదు, తనను ఎవరూ నిలదీయరన్న ధైర్యం. ఆ ధైర్యం పూలరేకుల నుండి వస్తుంది.

"నేరం చేసినవాళ్ళే కదా చచ్చారు! ఇందులో తిరుసభకు అభ్యంతరం ఏమిటి?" అని మీరు అడగవచ్చు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజులలో పునీత అక్వినాసు తోమాసుగారి వేదాంత సంగ్రహంలోని ఈ భాగం మీద మేము భోజనం గంట కొట్టినా లేవకుండా వాదించుకునేవాళ్ళం. ఆయన మెత్తని మనిషి కాదు. మరణశిక్షను కూడా ఆ కాలంలో సమర్థించాడు. ఆత్మరక్షణలో దాడి చేసినవాడు చనిపోతే పాపం కాదన్నాడు, అయితే దాడిని ఆపడానికి అవసరమైనంత బలమే వాడాలన్నాడు. అంతటి ఆయన కూడా నేరస్థుని శిక్షించే అధికారం సమాజ క్షేమానికి బాధ్యులైన పాలకులదే గాని, ఏ ఒక్కరూ తమంతట తాము తీసుకొనేది కాదని గీత గీశాడు.

అంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉన్నది. న్యాయమూర్తికి ఒక సంగతి వ్యక్తిగతంగా తెలిసినా, సభలో సాక్ష్యాల ద్వారా రుజువైన దానిని బట్టే తీర్పు చెప్పాలని ఆయన బోధించాడు. చూడండి, సాక్షాత్తు న్యాయమూర్తికే "నాకు తెలుసు" అనే హక్కు లేదన్నమాట. ఎందుకంటే అతని తీర్పు అతని సొంతం కాదు, అందరి తరఫున పలికేది. మరి దర్యాప్తు చేసే అధికారికి "వీళ్ళే చేశారని నాకు తెలుసు" అనే మాట మీద ప్రాణం తీసే హక్కు ఎక్కడనుండి వస్తుంది? పట్టుకున్నవాడు, నేరం మోపినవాడు, తీర్పు చెప్పినవాడు, శిక్ష అమలుపరచినవాడు ఒక్కడే అయినచోట, పొరపాటును దిద్దడానికి మనిషి మిగలడు.

పొరపాటు జరగదంటారా? దానియేలు గ్రంథంలోని సూసన్న కథ మనకు తెలిసినదే. తపస్కాలంలో దివ్యబలిపూజలో చదువుకుంటాం. ఇద్దరు పెద్దలు, అదీ ఆ ఏడాది న్యాయాధిపతులుగా ఉన్నవారు, సాక్ష్యం చెప్పారు. ప్రజలంతా నమ్మారు. ఆమెను చంపడానికి తీసుకుపోతున్నారు. ఆ గుంపులో చెడ్డవాళ్ళు లేరు, వ్యభిచారం పాపమని నమ్మిన భక్తులే ఉన్నారు. దానియేలు అనే బాలుడు ఒక్కడు అడ్డుపడి చేసిన పని ఏమిటి? అద్భుతమేమీ చేయలేదు. ఇద్దరినీ విడదీసి, విడివిడిగా, ఏ చెట్టు కింద చూశారని అడిగాడు. ఒకడు ఒక చెట్టు పేరు, రెండవవాడు మరొక చెట్టు పేరు చెప్పారు. అంతే. ఒక ప్రశ్న ఒక ప్రాణాన్ని కాపాడింది. మన భాషలో విచారణ అంటే పారిషు, విచారణ అంటే కోర్టులో ప్రశ్నించడం కూడా. రెండింటిలోనూ ఒక మనిషి సంగతి ఏమిటని అడిగి తెలుసుకోవడమే ఉన్నది.

చటాన్‌పల్లిలో ఆ ప్రశ్నలు రెండేళ్ళ తరువాత అడిగారు. 2019 డిసెంబరు 12న సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి వి.ఎస్. సిర్పుర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషనును నియమించింది. వారు 2022 జనవరిలో నివేదిక ఇచ్చారు, మే నెలలో అది బయటికి వచ్చింది. పిస్తోళ్ళు లాక్కున్నారనే కథనం నమ్మదగినది కాదనీ, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలనీ కమిషను చెప్పింది. ఇంకొక సంగతి కూడా చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండనివారు. పూలు చల్లినప్పుడు ఇది మనకు తెలియదు. తెలియడానికి విచారణ జరగాలి కదా!

"కోర్టులలో ఏళ్ళూపూళ్ళూ పడుతుంది, అందుకే జనం ఇలా తయారయ్యారు" అంటారు. ఇందులో నిజం ఉన్నది. న్యాయం ఆలస్యం కావడం బాధితులకు రెండవ గాయం. కానీ ఆ సంవత్సరం మన రాష్ట్రంలోనే జరిగిన మరి రెండు కేసులు చూడండి. 2019 జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసికందుపై ఘోరం జరిగింది. వరంగల్లు కోర్టు ఆగస్టు 8న, అంటే రెండు నెలలు తిరగకముందే, తీర్పు చెప్పింది. 'దిశ'కు మూడు రోజుల ముందు, నవంబరు 24న, ఆసిఫాబాదు జిల్లాలో ఇంటింటికీ తిరిగి సామాన్లు అమ్ముకొనే ఒక దళిత స్త్రీపై అత్యాచారం చేసి చంపారు. ఆమెకు 'సమత' అని పేరు పెట్టారు. ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న ముగ్గురిని దోషులుగా తేల్చి శిక్ష వేసింది. రెండు కేసులలోనూ వేసినది మరణశిక్ష. దానితో తిరుసభ ఏకీభవించదు, 2018లో ఫ్రాన్సిస్ పోపుగారు సత్యోపదేశంలో ఆ మాట స్పష్టం చేశారు. నేను చెబుతున్నది వేగం గురించి. 'దిశ' కేసుకు కూడా మహబూబ్‌నగర్‌లో ఫాస్ట్‌ట్రాక్ కోర్టు ఏర్పాటు చేశారు. దానికి పని లేకుండా పోయింది.

ఇక అన్నిటికన్న బరువైన ప్రశ్న: "మీ చెల్లెలికే జరిగి ఉంటే?" దీనికి తత్వశాస్త్రంతో జవాబు చెప్పబోయేవాడు ముందు కొంచెంసేపు మౌనంగా ఉండాలి. నా చెల్లెలికే జరిగి ఉంటే నేను కూడా వాళ్ళ చావు కోరుకునేవాడినేమో. కూతురిని పోగొట్టుకున్న తండ్రి ఏమి అన్నా మనం తప్పుపట్టకూడదు, కీర్తనల గ్రంథంలో కూడా అటువంటి ఆక్రందనలు ఉన్నాయి. కానీ సరిగ్గా అందుకే తీర్పును ఆ తండ్రి చేతిలో పెట్టలేదు. కోపించే హక్కు అతనికి ఉన్నది, రాజ్యానికి లేదు. రాజ్యం అతని కోపాన్ని అరువు తెచ్చుకొని తన పని ముగించుకుంటే, మరునాడు అదే రాజ్యం ఎవరి కోపాన్ని అరువు తెచ్చుకుంటుందో ఎవరు చెప్పగలరు? పోలీసు ఘర్షణలని చెప్పి రాజ్యమే మనుషులను చంపించడం హత్యయేనని ఫ్రాన్సిస్ పోపుగారు 2014లో నేరన్యాయ శాస్త్రవేత్తల ఎదుట అన్నారు, 2020లో 'ఫ్రతెల్లి తుత్తి' లేఖలో మళ్ళీ రాశారు.

ఆ మినహాయింపు ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీస్ స్టేషనులో ఒక దళిత స్త్రీ మరణించింది. ఆమె ఒక చర్చి ఫాదరుగారి ఇంటిలో వంట చేసుకొని బ్రతికేది. డబ్బు పోయిందన్న ఫిర్యాదుపై ఆమెనూ కుమారునీ తీసుకువెళ్ళారు. పోలీసులు కొట్టడం వల్లనే చనిపోయిందని కుటుంబం ఆరోపించింది. ఆ తరువాత ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్ళను ఉద్యోగం నుండి తొలగించారు. ఆమె ఉగ్రవాది కాదు, హంతకురాలు కాదు. మన ఇళ్ళలో గిన్నెలు కడిగేవారివంటి మనిషి. ఇంట్లో గొలుసు కనబడకపోతే "స్టేషనుకు తీసుకెళ్ళి నాలుగు తగిలిస్తే వాళ్ళే చెబుతారు" అనే మాట మనలో ఎంతమంది నోట వచ్చింది! కానిస్టేబులు లాఠీ ఎత్తకముందే మనం ఎత్తుతున్నాం.

మరి ఆ లాఠీ మన వైపు తిరిగితే? 2023 జనవరిలో అమెరికాలోని సియాటిల్ నగరంలో, కర్నూలు జిల్లా ఆదోనినుండి చదువుకోవడానికి వెళ్ళిన మన తెలుగు అమ్మాయి, అతివేగంగా వచ్చిన పోలీసు కారు కింద పడి చనిపోయింది. మరొక పోలీసు అధికారి ఆమె ప్రాణాన్ని గురించి చులకనగా నవ్వుతూ మాట్లాడిన మాటలు అతని ఒంటిమీది కెమెరాలోనే రికార్డయ్యాయి. కారు నడిపినవానిపై నేరారోపణ చేయబోమని అక్కడి ప్రాసిక్యూటరు 2024లో ప్రకటించినప్పుడు హైటెక్ సిటీలో, ఆదోనిలో, అమెరికా తెలుగు సంఘాలలో అందరమూ "ఇదేమి న్యాయం? పోలీసైతే అడగకూడదా?" అన్నాము. సరిగ్గానే అన్నాము. నవ్విన అధికారిని ఆ ఏడాదే ఉద్యోగం నుండి తీసేశారు. ఆ కెమెరా లేకుంటే ఆ నవ్వు ఎవరికీ తెలిసేది కాదు. అక్కడ మనకు కావలసి వచ్చిన కొలబద్దనే ఇక్కడ కూడా వాడాలి.

మన ప్రభువు కూడా నిర్బంధంలో దెబ్బ తిన్నవాడే. ప్రధానయాజకుని ఎదుట ఒక భటుడు ఆయన చెంపమీద కొట్టినప్పుడు, మరొక చెంప చూపమని బోధించిన ఆయనే ఆ భటుని నిలదీశాడు: తప్పు మాట్లాడి ఉంటే అది ఏమిటో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావు? యోహాను సువార్త 18వ అధ్యాయంలో ఇది చదివి దాటిపోతుంటాం. పునీత పౌలుగారు ఫిలిప్పి పట్టణంలో మరింత పట్టుబట్టారు. విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి చెరలో వేసిన అధికారులు, మరునాడు "వెళ్ళిపొమ్మనండి" అని చప్పుడు చేయకుండా కబురు పంపారు. ఆయన కదలలేదు. బహిరంగంగా కొట్టించి రహస్యంగా పంపిస్తారా, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకువెళ్ళాలి అన్నారు. వాళ్ళు వచ్చి బ్రతిమాలుకున్నారు. ఆయనకు పగ ఉన్నదా? లేదు, అదే చెరసాల అధికారికి ఆ రాత్రే జ్ఞానస్నానం ఇచ్చారు. అయినా లెక్క అడగడం మానలేదు.

సిర్పుర్కర్ కమిషను నివేదికను సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు పంపింది. ఆ అధికారులు దానిని సవాలు చేశారు. 2024 మే నెలలో హైకోర్టు ఆ నివేదిక ఆధారంగా వారిపై చర్యలను నిలుపుచేస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అలా కోర్టుకు వెళ్ళడం వారి హక్కు, దానిని వారికి కాదనకూడదు. కమిషను చెప్పినంత మాత్రాన ఆ పదిమందీ దోషులని నేను రాయను. అలా రాస్తే ఇంతసేపు చెప్పినదంతా నేనే తుడిచివేసినట్లు. వారికి న్యాయవాది ఉండాలి, సాక్షులను ప్రశ్నించే అవకాశం ఉండాలి, బహిరంగ కోర్టులో నిర్దోషులమని రుజువు చేసుకొనే వీలు ఉండాలి. ఆ పశువైద్యురాలి తల్లిదండ్రుల చేతిలో మాత్రం, ఆ రాత్రి తమ బిడ్డకు ఏమి జరిగిందో సాక్ష్యాలు విని ఒక న్యాయమూర్తి రాసిన కాగితం ఒక్కటీ లేదు.